వేసవిలో కుండీ కూరగాయలు, కారే కుళాయి, పగిలిన గచ్చు: ఏది ముందు, ఎలా

మీ ఇబ్బంది క్లుప్తంగా ఇది. గచ్చు మీద నల్ల గ్రో బ్యాగుల్లో పెట్టిన టమాటా, మిరప, బెండ, సొర మొక్కలు రోజుకు రెండుసార్లు నీళ్ళు పోస్తున్నా మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి. టమాటా పూత రాలిపోతోంది, నిలిచిన నాలుగు కాయలకూ అడుగున నల్లమచ్చ పడుతోంది. సొర పిందెలు పసుపెక్కి రాలుతున్నాయి. పెరటి కుళాయి కారుతోంది, ఆ నీళ్ళు గచ్చు పగిలిన చోట నిలుస్తున్నాయి. ఏ మందు కొట్టాలి, ఏ ఎరువు వేయాలి అని అడిగారు.

ఇప్పటికైతే మందూ వద్దు, ఎరువూ వద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో చాలావాటికి మూలం రెండే: వేళ్ళ దగ్గర వేడి, నీరు సమంగా అందకపోవడం. ఇవి సరికాకుండా పైన ఏది చల్లినా వృథా. వరస ఇలా పెట్టుకోండి. మొదటి రోజే బ్యాగులకు నీడ, ఆ తర్వాత కుళాయి, ఆ తర్వాత నీళ్ళు పోసే పద్ధతి, చివర గచ్చు. గచ్చుకు ఎలాగూ బ్యాగులన్నీ జరపాలి, పైగా సిమెంటు పని మండే ఎండలో చేస్తే నిలవదు.

ముందు వేడి సంగతి. గాలి 40 డిగ్రీలున్న రోజున పడమటి ఎండ తగిలే నల్ల బ్యాగు గోడ 50 దాటడం మామూలే. కూరగాయల వేళ్ళకు 25 నుంచి 30 డిగ్రీల మట్టి బాగుంటుంది. 38 దాటేసరికి నీరు పీల్చడం మందగిస్తుంది, 45 దాటితే సన్నటి వేరు కొసలు మాడిపోతాయి. వేళ్ళు ఎక్కువగా బ్యాగు గోడను ఆనుకునే ఉంటాయి కాబట్టి ముందు దెబ్బ తినేవి అవే. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకు వాడుతుంది. అది చూసి ఇంకా నీళ్ళు పోస్తే వేడి మట్టిలో గాలి ఆడక మిగిలిన వేళ్ళు కుళ్ళుతాయి. వేసవిలో కుండీ మొక్కలు ఎండిపోయి చనిపోయినంతగా ఇలా మధ్యాహ్నం పోసిన నీళ్ళకూ చనిపోతాయి.

తేడా కనిపెట్టడానికి రెండు పరీక్షలు చాలు. మధ్యాహ్నం వాడిన మొక్కను పొద్దు వాలిన గంటకు చూడండి. నీళ్ళు పోయకుండానే తేరుకుంటే అది ఎండకు ఆకు వాల్చడమే, జబ్బు కాదు. సొర, దోసలాంటి వెడల్పాటి ఆకుల మొక్కలు రోజూ అలా చేస్తాయి. సూర్యోదయానికి కూడా వాడే ఉంటే వేలు రెండు కణుపుల లోతుకు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు, మట్టిలో దించండి. పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే వేరు దెబ్బతింది. వేరు దెబ్బతిన్న మొక్కను నీడకు జరిపి, పై మట్టి ఆరేదాకా నీళ్ళు ఆపాలి, కాయలు కోసేయాలి. ఎరువు అసలు దగ్గరికి రానీయొద్దు.

నీడ రెండు రకాలుగా ఇవ్వాలి, మొక్కకొకటి, బ్యాగుకొకటి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు, నిజానికి రెండోదే ముఖ్యం. బ్యాగులను విడివిడిగా కాకుండా గుంపుగా చేర్చండి, అప్పుడు ఒకదాని నీడ ఇంకొకదాని గోడ మీద పడుతుంది. పడమర, దక్షిణాల వైపు బయటి వరసలోని బ్యాగులకు గోనెపట్టా గానీ తెల్లటి పాత గుడ్డ గానీ చుట్టండి. ఖాళీ కుండీలు, ఇటుకలు ఉంటే అడ్డుగా పేర్చినా సరిపోతుంది. బ్యాగు అడుగున ఇటుకలు పెట్టి గచ్చుకు కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తులో నిలపండి. కాగిన గచ్చు వేడి పొద్దుగూకిన తర్వాత కూడా గంటల తరబడి కింది నుంచి ఎక్కుతుంది. పైగా అడుగు రంధ్రాలు గచ్చుకు అతుక్కుని మూసుకుపోయే బాధ కూడా తప్పుతుంది.

మొక్క మీద నీడకు 50 శాతం నీడవల చాలు. 75 శాతం వల ఆకుకూరలకు పనికొస్తుంది గానీ దాని కింద టమాటా, మిరప బలహీనంగా సాగి పూత తగ్గుతుంది. వలను మొక్కల తలకు కనీసం 60 సెంటీమీటర్ల ఎత్తులో కట్టండి, ఆకులకు తగిలితే అక్కడే మాడతాయి. ఉదయపు ఎండ తగలనిచ్చి, 11 నుంచి 4 గంటల దాకా పడే ఎండను అడ్డుకునేలా పైనా పడమటి వైపూ ఉంటే సరి. కట్టడంలో జరిగే పొరపాటు ఏమిటంటే, నాలుగు మూలలకు నాలుగు తాళ్ళు కట్టి వదిలేయడం. ఈదురుగాలికి వల తెరచాపలా నిండి మూలలు చిరిగిపోతాయి, కొక్కేలు ఊడొస్తాయి. అంచును రెండు మడతలు మడిచి, 50 సెంటీమీటర్లకొక చోట తాడు గుచ్చి, అటూ ఇటూ లాగి కట్టిన తీగకు బిగించండి. గోడ కొక్కేలకు 8 మిల్లీమీటర్ల ప్లగ్గు వేసేటప్పుడు రంధ్రం ఇటుకలో పడాలి, రెండు ఇటుకల మధ్య సిమెంటు గీతలో వద్దు. ప్లగ్గు పొడవుకన్నా ఒక సెంటీమీటరు లోతు ఎక్కువ తీసి, పొడి ఊదేయండి. పొడి మిగిలిన రంధ్రంలో ప్లగ్గు పట్టు ఉండదు.

బ్యాగు పరిమాణం గురించి మీరు అడగలేదు గానీ, సొరకు 12 అంగుళాల బ్యాగు వాడుతున్నానని రాశారు కాబట్టి చెప్పక తప్పదు. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న బ్యాగు అంచు దాకా నింపినా 22 లీటర్లే. టమాటా, వంగ, బెండలకు అది సరిపోతుంది, మిరపకు ఇంకాస్త చిన్నదైనా ఫరవాలేదు. సొర, బీర, కాకర పాదులకు 15 అంగుళాలది, అంటే సుమారు 43 లీటర్లది కావాలి. చిన్న బ్యాగులో పెద్ద పాదు మధ్యాహ్నంలోపే ఉన్న నీళ్ళన్నీ తాగేస్తుంది, పిందెలు రాలడానికి అదొక కారణం. ఇప్పుడు ఎండల్లో పాదును పెకలించి మార్చకండి. పాత బ్యాగు అడుగు కోసేసి, దాన్ని అలాగే మట్టి నింపిన పెద్ద బ్యాగు మీద కూర్చోబెట్టండి, వేళ్ళు కిందికి దిగుతాయి. ఒక హెచ్చరిక: 43 లీటర్ల బ్యాగు తడిసినప్పుడు 40 కిలోలకు తక్కువ ఉండదు. మేడ మీద అయితే స్లాబు మధ్యలో కాకుండా దూలాలు, గోడలు ఉన్న చోట్ల మీదే వరస పెట్టాలి.

ఇక నీళ్ళు. రోజుకు రెండుసార్లు అన్నారు, ఎంత అన్నది రాయలేదు. పైపైన మగ్గుడు పోస్తే పై 5 సెంటీమీటర్లే తడిసి మధ్యాహ్నానికి ఆరిపోతాయి, అడుగు వేళ్ళకు చుక్క అందదు. నిండుగా ఎదిగిన టమాటా మొక్క మంచి ఎండలో రోజుకు 2 నుంచి 4 లీటర్లు తాగుతుంది. తెల్లవారుజామున, ఎండెక్కకముందు, అడుగు రంధ్రాల నుంచి కాస్త నీరు కారేదాకా పోయండి. పోసిన దానిలో పదో వంతు బయటికొస్తే చాలు. ఒకేసారి గుమ్మరించకుండా సగం పోసి, పది నిమిషాలు ఆగి మిగతాది పోయండి. సాయంత్రం వేలు పెట్టి చూసి, పైభాగం ఆరితేనే రెండో విడత. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. దాన్ని ఒక బకెట్టులోకి వదిలి, చల్లటి నీరు మొదలయ్యాకే మొక్క వైపు తిప్పండి.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువున్న మిశ్రమం ఒకసారి బాగా ఎండితే నీటిని అంత త్వరగా తీసుకోదు. మట్టి కుంచించుకుని బ్యాగు గోడకూ దానికీ మధ్య సందు ఏర్పడుతుంది, పోసిన నీరంతా ఆ సందులోంచి జారి అడుగున కారిపోతుంది. నీళ్ళు కారాయి కదా, తడిసిందనుకుంటాం. ఎత్తి చూస్తే బ్యాగు తేలిగ్గా ఉంటుంది. అలాంటిదాన్ని తొట్టెలో నాలుగైదు అంగుళాల నీటిలో అరగంట నిలబెట్టి, పైన తడి కనిపించాక తీసి, మిగులు నీరు ఓడ్చేయండి. తర్వాత అంచుల వెంట మట్టిని వేళ్ళతో నొక్కి సందు మూయండి.

కొత్తగా నింపే బ్యాగులకు మట్టి, మాగిన కంపోస్టు, కోకోపీట్ సమానంగా కొలిచి, మొత్తంలో పదో వంతు ముతక ఇసుక కలపండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి పిండాలి. కడగని దానిలోని ఉప్పు లేత వేళ్ళను కాలుస్తుంది. కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందని చాలాచోట్ల చెబుతారు, అది సరి కాదు. సన్నటి మట్టి పూర్తిగా నానేదాకా నీటిని కింది రాళ్ళలోకి వదలదు, అందుకని తడి పొర వేళ్ళకు ఇంకా పైకి జరుగుతుంది. రంధ్రం మీద చిన్న వల ముక్క వేస్తే చాలు. మట్టి పైన ఎండుటాకులో, ఎండు గడ్డో 5 సెంటీమీటర్ల మందాన పరచండి, కాండానికి రెండు వేళ్ళ దూరం వదిలి. వేసవిలో చేతికందే సాధనాల్లో నాకు దీనిమీద ఉన్నంత నమ్మకం మరొకదాని మీద లేదు.

టమాటా కాయ అడుగున నల్లమచ్చ తెగులు కాదు. కాయ కొసకు కాల్షియం చేరకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా అది నీటితోపాటే పైకి కదులుతుంది, ఆ నీటిని ఎక్కువగా ఆకులే లాక్కుంటాయి. ఒక పూట ఎండి, ఒక పూట మునిగితే కాయ కొసకు వాటా అందదు. కాల్షియం పిచికారీ చేసినా ఆకు మీద పడినది కాయకు చేరేది బహు తక్కువ. యూరియా వేస్తుంటే ఆపండి, అది ఆకును పెంచి సమస్యను ఎక్కువ చేస్తుంది. మచ్చపడిన కాయ బాగుపడదు, కోసేయండి. నీరు కుదిరితే రెండు మూడు వారాల్లో వచ్చే కొత్త కాయలు శుభ్రంగా ఉంటాయి.

పూత రాలడం వేరే లెక్క. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి పనిచేయదు, పువ్వు కాయ కట్టకుండా కాడ దగ్గర విరిగి రాలుతుంది. దీనికి హార్మోను మందులు కొట్టి లాభం లేదు. మొక్కను నీడలో బతికించుకుంటే రాత్రులు చల్లబడగానే మళ్ళీ కాపు పట్టుకుంటుంది. ముదిరిన కొమ్మలను మూడో వంతు కత్తిరించి ఉంచితే చిగుళ్ళు వేసి అప్పటికి సిద్ధంగా ఉంటుంది, కానీ ఒకేసారి అంతకంటే ఎక్కువ కోస్తే కాండం ఎండకు మాడుతుంది. నిలిచిన కాయలు ఎర్రబడక పసుపుగా ఆగిపోతే ఆశ్చర్యపోకండి, 30 డిగ్రీలు దాటాక ఎర్ర రంగు తయారవడం మందగిస్తుంది. కాయ రంగు తిరగడం మొదలవగానే కోసి, ఇంట్లో నీడన పండబెట్టండి. ఎండ నడిమి రోజుల్లో కొత్తగా టమాటా నాటడం మానేసి బెండ, అలసంద, తోటకూర, బచ్చలి వేసుకోండి. బెండ విత్తనాన్ని ఒక రాత్రి నానబెట్టి నేరుగా బ్యాగులోనే విత్తండి. తల్లివేరు లోతుకు దిగే మొక్క కాబట్టి పీకి నాటితే తేరుకోదు.

సొర పిందె పసుపెక్కి రాలిందంటే చాలాసార్లు పరాగం అందలేదనే అర్థం. సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, బీర కూడా అంతే. కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. ఇది తెలియక సొర పూలకు ఉదయం పది గంటలకు చేత్తో పరాగం పట్టించబోతారు, అప్పటికి సమయం మించిపోతుంది. సాయంత్రం విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తుంచి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా నాలుగు వైపులా రాయండి. వెనక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. ఆడపూలే రావడం లేదంటే ప్రధాన తీగ పందిరి ఎక్కాక కొస తుంచండి, పక్క తీగల మీద ఆడపూలు ఎక్కువ వస్తాయి.

ఆకుల అడుగున సన్నటి చుక్కలు, బూజులాంటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. పొడి వేడిలో వారం తిరక్కుండానే తరం మారుతుంది. మూడు రోజులకొకసారి చొప్పున మూడుసార్లు, పొద్దున్నే ఆకుల అడుగున గట్టిగా నీటిధార కొట్టండి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక మిల్లీలీటరు ద్రవ సబ్బు. నూనెను ముందు సబ్బుతో కలిపి, ఆ తర్వాత నీళ్ళు పోయాలి, లేకపోతే నూనె పైకి తేలి ఆకుల మీద చారికలుగా పడి కాలుస్తుంది. పొద్దు వాలాకే కొట్టండి, దాహంతో ఉన్న మొక్కకు కొట్టకండి, కలిపినది ఆ రోజే వాడేయండి. మిరప ముడత, బెండ పల్లాకు కనిపిస్తే అప్పుడు చూడాల్సింది తెల్లదోమను. బెండలో పసుపు ఈనెల తెగులు పట్టిన మొక్క బాగుపడదు, పీకేయండి.

నీళ్ళు రోజూ సమంగా అందాలంటే డ్రిప్ మంచిదే గానీ, మేడ ట్యాంకు నుంచి పెట్టేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. నీటి మట్టం ఒక మీటరు ఎత్తుంటే 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. మూడు మీటర్లకు 0.3 బారే. ఒత్తిడిని సమం చేసే రకం డ్రిప్పర్లకు సాధారణంగా ఇంతకంటే ఎక్కువ కావాలి, ఆ ఎత్తులో అవి సరిగా తెరుచుకోవు. తక్కువ ఒత్తిడికి పనిచేసే మామూలు డ్రిప్పర్లు తీసుకోండి. ఇదే కారణంగా, నీటిని వేళకు తెరిచి కట్టేసే టైమరు కూడా బాల్ వాల్వు రకమే కావాలి.

ఇప్పుడు కుళాయి. ఎక్కడ కారుతోందో ముందు చూడండి. కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడితే వాషర్ పోయింది. తిప్పినప్పుడు పిడి కింద నుంచి ఊరితే అక్కడ నీరు రాకుండా ఆపే బిగింపు, అంటే గ్లాండు, వదులైంది, దాని నట్టును పావు చుట్టు బిగిస్తే చాలాసార్లు ఆగుతుంది. గోడ దగ్గర ఊరితే మర మీద చుట్టిన టేపు పోయింది. వాషర్ మార్చడానికి లైను వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి మిగిలిన నీరు దించండి. పై భాగాన్ని స్పానరుతో ఎడమకు తిప్పి విప్పి, స్పిండిలు (పిడితోపాటు తిరిగే కడ్డీ) చివరి వాషరు తీసి అదే కొలతది వేయండి. లోపల వాషరు కూర్చునే అంచును వేలితో తడమండి. గరుకుగా, గాట్లు పడి ఉంటే కొత్త వాషరు నెల తిరక్కుండానే కోసుకుపోతుంది, అప్పుడు కుళాయే మార్చడం నయం. తిరిగి బిగించేటప్పుడు పిడి తెరిచిన స్థితిలో ఉండాలి, లేకపోతే వాషరు నలుగుతుంది. పావు చుట్టు తిరిగే రకానికి వాషరు ఉండదు, లోపలి సిరామిక్ కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. పాతది చేత్తో పట్టుకెళ్ళి పొడవు, పళ్ళ సంఖ్య సరిపోల్చి తెచ్చుకోండి. మరకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర కొస మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున ఏడెనిమిది చుట్లు గట్టిగా లాగి చుట్టండి. ఎదురు దిక్కున చుడితే బిగిస్తుండగానే ఊడి ముద్దవుతుంది.

చివరగా గచ్చు. పగులు కదులుతోందా, ఆగిందా అన్నది తేల్చుకోకుండా సిమెంటు పెట్టకండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, మధ్యలో వెడల్పు కొలిచి, మూడు నాలుగు వారాలు చూడండి. గీత దాటి సాగితే, లేదా పొద్దునకూ మధ్యాహ్నానికీ వెడల్పు మారితే అది కదిలే పగులు. దానిలో సిమెంటు నిలవదు, రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంట్ కావాలి. సందును శుభ్రం చేసి ఆరబెట్టి, అడుగున నురగ తాడు దూర్చి, పైన సీలెంట్ నింపాలి. వెడల్పు 12 మిల్లీమీటర్లైతే మందం 6 చాలు. మందం ఎక్కువైతే సాగలేక అంచుల దగ్గర ఊడుతుంది.

కదలని పగులైతే ఉలితో 10 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల లోతు చెక్కండి, అడుగు పైకంటే కాస్త వెడల్పుగా ఉంటే పూడిక పైకి లేవదు. దుమ్మంతా బ్రష్షుతో తీసి, కడిగి, ముందురోజు రాత్రి తడిపి ఉంచండి. సాయంత్రం ఎండ దిగాక, తడి ఉండి నీరు నిలవని స్థితిలో పని మొదలుపెట్టండి. ఎస్‌బీఆర్ లేటెక్స్ (కొత్త సిమెంటును పాతదానికి అతికించే పాలలాంటి ద్రవం), నీళ్ళు సమానంగా కలిపి, అందులో సిమెంటు వేసి చిక్కటి పూతలా చేసి సందు గోడలకు పూయండి. ఆ పూత ఆరకముందే ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపిన గట్టి మాలు కూరాలి. పూత ఆరిపోతే అతుకు కాస్తా అడ్డుపొరగా మారుతుంది, గీకేసి మళ్ళీ పూయాల్సిందే. పైన తడి గోనె కప్పి వారం రోజులు తడి ఆరనీయకండి. గోనె కప్పకపోతే గంటల్లోనే పైన సన్నటి బీటలు వస్తాయి.

నీరు నిలిచే పల్లం వేరే. దాన్ని సున్నా మందానికి జారేలా పూస్తే అంచులు పెచ్చులూడతాయి. పల్లం చుట్టూ 10 మిల్లీమీటర్ల లోతు గీత కోసి, లోపలంతా గరుకు చేసి, కాలువ వైపు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు వచ్చేలా నింపండి. వాలును పొడవాటి బద్ద, మట్టపు కర్ర పెట్టి చూసుకోండి, కంటికి వాలుగా కనిపించేది చాలాసార్లు వాలు కాదు. కింద గదులున్న స్లాబు అయితే ఉలి పెట్టకండి, నీరు దిగకుండా వేసిన పొర తెగుతుంది. అక్కడ పై పూత పనివాళ్ళకే వదిలేయాలి. కొత్త పూడిక మీద వారం దాకా బ్యాగులు పెట్టకండి. తిరిగి సర్దేటప్పుడు గోడకు 10 సెంటీమీటర్ల ఎడం ఉంచండి, చీపురు తిరగాలి, కారిన నీరు కాలువ చేరాలి. కింద పళ్ళేలు పెట్టేట్లయితే వారానికొకసారి తప్పకుండా బోర్లించి ఆరబెట్టండి, వేడిలో దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి పది రోజులు కూడా పట్టదు.